కొండ దిగి గడపకు వచ్చే స్వామి

మాదాపూర్ పరిసరాల్లో, అద్దాల మేడల నడుమ ఉన్న ఒక చిన్న ఆలయంలో ఇరవై రెండేళ్ళుగా స్వామి కైంకర్యం చేసుకుంటున్నవాణ్ణి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైననాడు ఈ చుట్టుపక్కల రాళ్ళగుట్టలే ఎక్కువగా కనిపించేవని పాతవారు చెబుతారు. నేను వచ్చేనాటికే గుట్టలు తరుగుతూ మేడలు పెరుగుతున్నాయి. మా ఆలయానికి వచ్చే భక్తులలో అధికభాగం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. మెడలో గుర్తింపుకార్డు అలాగే వేలాడుతుండగా తీర్థం పుచ్చుకొని, శఠారి పెట్టించుకొని, రాత్రి పనివేళకు పరుగెత్తే పిల్లలు. వారిని చూసి నొచ్చుకునేవారున్నారు గాని నేను ఏనాడూ నొచ్చుకోలేదు. అంత ఒత్తిడిలోనూ గుడిమెట్లు ఎక్కుతున్నారు కదా అనుకుంటాను.

రెండేళ్ళ క్రితం భాద్రపదమాసంలో ఒకనాటి సాయంత్రం, అటువంటి యువదంపతులు స్వామిదర్శనానికి వచ్చారు. విదేశయాత్ర ముగించుకొని వచ్చామని, అక్కడ ఒక వింత గ్రామాన్ని చూశామని చెప్పి, ఆ అబ్బాయి తన ఫోనులో ఛాయాచిత్రాలు చూపించాడు. ఈ వ్యాసానికి మూలం ఆ ఛాయాచిత్రాలే.

దీవిలో కొండ, కొండమీద ఊరు

గ్రీకుదేశంలో క్రీట్, రోడ్స్ అనే రెండు పెద్ద దీవుల నడుమ కార్పథోస్ అనే దీవి ఉన్నది. ఆ దీవికి ఉత్తరభాగాన, కొండ శిఖరరేఖను పట్టుకొని వ్రేలాడుతున్నట్లుండే గ్రామం పేరు ఒలింబోస్. చాలాకాలం సరైన రోడ్డు లేక లోకానికి దూరంగా ఉండిపోయింది. ఆ దూరమే దానికి కవచమయింది. అక్కడి పెద్దవయసు స్త్రీలలో కొందరు నేటికీ తమ తాతమ్మల నాటి కుట్టుపని దుస్తులనే ధరిస్తారు. వీధిలో కట్టెల పొయ్యిలమీద రొట్టెలు కాలుస్తారు. వారి మాటలో ప్రాచీన గ్రీకు పలుకుబడి నిలిచి ఉన్నదని భాషావేత్తలు చెబుతారు. తల్లి ఆస్తి పెద్దకూతురికి చెందే ఆచారం కూడా అక్కడ ఉండేది. బ్రతుకుతెరువు కోసం ఆ ఊరివారు ఎందరో ఓడరేవు పట్టణాలకూ, అమెరికాకూ వలసపోయారు. అయితే ఆగస్టు 15న తమ మేరీమాతకు జరిపే ఉత్సవానికి, ఎక్కడెక్కడి నుంచో ఆ ఊరి బిడ్డలు తిరిగి వస్తారు. ఏడాది పొడుగునా మూసి ఉన్న ఇళ్ళ తలుపులు ఆ రోజుల్లో తెరుచుకుంటాయి.

"స్వామీ! మేము వెళ్ళింది సరిగ్గా ఆ పండుగనాడే. వీధి వీధంతా తలుపులు తీసే ఉన్నాయి. అమెరికా నుంచి వచ్చిన ఒకాయన తన అవ్వ ఇంటి గడప కడుగుతున్నాడు. అది చూసిన తరువాత నాకు మనసు మనసులో లేదు" అన్నాడా అబ్బాయి.

ఎందుకు నాయనా అని అడిగాను. కొంతసేపు మాటాడలేదు. ఆ అమ్మాయే చెప్పింది. అబ్బాయి స్వగ్రామం నంద్యాల జిల్లాలో ఆళ్ళగడ్డ దగ్గర. అహోబిల నృసింహస్వామి పల్లకి ప్రతి సంవత్సరం వచ్చి ఆగే ఊళ్ళలో అదొకటి. తాత బ్రతికి ఉన్నంతకాలం పల్లకి వచ్చిన రాత్రి ఇల్లంతా దీపాలు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. తల్లిదండ్రులు మరో నగరంలో స్థిరపడ్డారు. అప్పటినుంచి ఆ ఇంటికి తాళం.

"అంటే మా గడప ముందుకు స్వామి తొమ్మిదిసార్లు వచ్చి వెళ్ళిపోయాడు స్వామీ. నేనేమో విమానమెక్కి వెళ్ళి మరొకరి గడపకు ఫోటో తీసుకొచ్చాను" అన్నాడు.

ఆ మాట నన్నూ తాకింది. నేనూ కృష్ణాతీరాన ఒక అగ్రహారంలో పుట్టినవాణ్ణే. వేదాధ్యయనం ముగిసి, పొట్టకూటికై నగరం చేరి, నా తండ్రిగారి అనంతరం ఆ పెంకుటింటికి నా చేతులతో తాళం వేసి వచ్చినవాణ్ణే. కనుక ఉపదేశం చేసే అధికారం నాకు లేదని ఆ పిల్లలతో స్పష్టంగా చెప్పాను. చేయగలిగినది ఒక్కటే. "సంక్రాంతి తరువాత పల్లకి మీ ఊరికి వచ్చేవేళ, తీసుకువెళితే నేనూ వస్తాను" అన్నాను.

అహోబిలానికి దారి

మనమున్న ఈ హైటెక్ సిటీ నుంచి అహోబిలం సుమారు 360 కిలోమీటర్లు. కర్నూలు, నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా దారి. ఆళ్ళగడ్డ శిల్పులకు ప్రసిద్ధి. ఆ ఊరు దాటుతుంటే ఉలి చప్పుడు, రాతిపొడి మనలను పలకరిస్తాయి. అక్కడినుంచి నల్లమల కొండలు నీలిగీతవలె కనిపించి, క్రమక్రమంగా పెరిగి, చివరకు దారినంతా ఆక్రమిస్తాయి.

తెలుగునాట నూట ఎనిమిది దివ్యదేశాలలో చేరిన క్షేత్రాలు రెండే. ఒకటి తిరుమల, రెండవది అహోబిలం. తిరుమంగై ఆళ్వారు ఈ క్షేత్రంపై పది పాశురాలు పాడాడు. ఇక్కడి ఎండతీవ్రతనూ, అడవినీ, క్రూరమృగాలనూ, విల్లు ధరించిన వేటగాండ్రనూ వర్ణించి, దేవతలకు తప్ప ఇతరులకు చేరరాని చోటు ఇదని చెప్పాడు. నృసింహుని బలాన్ని చూసి దేవతలు ఆశ్చర్యంతో 'అహో బలం' అన్నారని కొందరు, స్వామి గుహలో వెలిశాడు గనుక 'అహో బిలం' అయినదని కొందరు పేరుకు అర్థం చెబుతారు. రెండూ యుక్తంగానే ఉన్నాయి.

దిగువ అహోబిలం, ఎగువ అహోబిలం అని ఊరు రెండు. దిగువన ప్రహ్లాదవరదుని ఆలయం, విజయనగర కాలపు మండపాలు, శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు సంబంధించి నిలిపినదని చెప్పే జయస్తంభం ఉన్నాయి. పద్మావతీ పరిణయానికి ముందు శ్రీనివాసుడు ఇక్కడికి వచ్చి నృసింహుని ఆశీస్సు పొందాడని స్థలపురాణం. పదునాలుగవ శతాబ్ది చివర ఆదివణ్ శఠకోప యతీంద్రులు అహోబిల మఠాన్ని స్థాపించారు. మన అన్నమాచార్యులు వేదాంతం అభ్యసించింది వారి సన్నిధిలోనేనని సంప్రదాయం.

అక్కడికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, గరుడాద్రి వేదాద్రుల నడుమ, భవనాశినీ నది పారేచోట ఎగువ అహోబిలం ఉన్నది. ఇప్పుడు బస్సు పైదాకా వెళుతుంది. గుహలో వెలసిన అహోబిల నృసింహుడు హిరణ్యకశిపుని ఒడిలో పరచుకొని చీలుస్తూండగా, ఎదుట బాలప్రహ్లాదుడు చేతులు జోడించి నిలిచి ఉంటాడు. జ్వాల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన నృసింహులు కొండలలో, లోయలలో, చెట్లనీడల్లో వేరువేరు తావుల్లో కొలువై ఉన్నారు. ఈ తొమ్మండుగురి వల్లనే ఇది నవనారసింహ క్షేత్రమయింది.

ఎగువ అహోబిలం చిన్న ఊరు. గుడికి ఆనుకొని కొద్దిపాటి ఇళ్ళు, సత్రాలు, పూజాద్రవ్యాల అంగళ్ళు, లెక్కలేనన్ని కోతులు. కొండదారి ఎక్కేవారికి చేతికర్రలిచ్చేవారు ఒకవైపు, నడవలేనివారిని డోలీలో మోసుకుపోయేవారు ఒకవైపు. నల్లమలకు మొదటి హక్కుదారులైన చెంచులు తరతరాలుగా తేనె, దుంపలు, అడవి ఫలసాయం సేకరించుకొని బ్రతికిన నేల ఇది. స్వామిని వారు దేవుడనడం కంటె ముందు అల్లుడంటారు. ఆ కథ తరువాత చెబుతాను.

మేము పల్లకి వచ్చేనాటికి ఒకరోజు ముందే చేరుకొని, ఉదయాన ఎగువ స్వామిని సేవించి, భవనాశిని వెంట జ్వాలా నృసింహుని సన్నిధికి బయలుదేరాము. అరవైదాటిన నా మోకాళ్ళకు ఆ బండరాళ్ళమీద నడక సుళువు కాలేదు. పైన వ్రేలాడే పెద్దరాతి చూరు కింద స్వామి. సమీపంలోనే రక్తగుండం. అసురసంహారానంతరం స్వామి చేతులు కడుగుకొన్న చోటని చెబుతారు. ఇంకా పైన నిటారుగా ఉగ్రస్తంభం. స్వామి ఆవిర్భవించిన కంబం అదేనని భక్తుల విశ్వాసం. నేను అక్కడిదాకా ఎక్కలేదు, కిందినుంచే నమస్కరించాను.

గడప దేవుడు

ఇక్కడ కొంచెం ఆగి, నృసింహావతారంలో మనం తరచు పట్టించుకోని అంశమొకటి చూడవలసి ఉన్నది. హిరణ్యకశిపుడు కోరిన వరమేమి? మనిషివలన గాని మృగమువలన గాని, పగలు గాని రాత్రి గాని, ఇంటిలోపల గాని బయట గాని చావరాదని. అందుకని స్వామి సంధ్యవేళను ఎన్నుకున్నాడు. నరుడూ సింహమూ కాని రూపం ఎన్నుకున్నాడు. చోటుగా గడపను ఎన్నుకున్నాడు.

గడప లోపలా కాదు, బయటా కాదు. రెండింటిని కలిపే చోటది. మన స్త్రీలు శుక్రవారం నాడు పసుపు కుంకుమలు పెట్టేది దానికే. కొత్తకోడలు కుడికాలు మోపేది అక్కడే. అతిథి వచ్చి నిలిచేదీ అక్కడే. తాళం వేసిన ఇంట కూడా గడప మాత్రం వీధిలోకి చూస్తూనే ఉంటుంది. నృసింహుడు గడప మీద కూర్చున్న దేవుడు. అందుకే కాబోలు, ఏడాదికొకసారి ఆయన కొండ దిగి మన గడపలను వెదుక్కుంటూ వస్తాడు.

పారువేట

సంక్రాంతి మరునాడు, కనుమనాడు, అహోబిలంలో పారువేట ప్రారంభమవుతుంది. ఎగువ నుంచి జ్వాలా నృసింహుని ఉత్సవమూర్తి, దిగువ నుంచి ప్రహ్లాదవరదుని ఉత్సవమూర్తి ఒకే పల్లకిలో వేంచేస్తారు. చెంచులు విల్లంబులతో వచ్చి పల్లకివైపు బాణాలు వేయడంతో యాత్ర మొదలవుతుంది. తరువాత సుమారు నలభైరోజులు స్వామి ఆలయంలో ఉండడు. ముప్పైకి పైగా గ్రామాలు తిరుగుతాడు. ఒక్కొక్క ఊరిలో ఆయన కోసమే ఏర్పాటైన అరుగు ఉంటుంది. పల్లకి మోయడం, దివిటీ పట్టడం, మేళం వాయించడం, నైవేద్యం సిద్ధపరచడం మొదలైన సేవలు కుటుంబాల వారీగా తరతరాల నుంచి వస్తున్నాయి.

అడవిలో స్వామి ఒక చెంచు కన్యను చూశాడట. ఆమెను వివాహమాడాడట. ఆమె చెంచులక్ష్మి. ఈ కథ యక్షగానాలలో, జానపద గేయాలలో పాడబడింది. అహోబిల మఠాధిపతులలో ఒకరు వాసంతికాపరిణయమనే పేర సంస్కృత నాటకం రచించారు. 1958లో చెంచులక్ష్మి చలనచిత్రం చూడని తెలుగువారు ఆ తరంలో తక్కువ. ఫాల్గుణమాసంలో అహోబిలంలో బ్రహ్మోత్సవాలు, అందులో కల్యాణోత్సవం జరుగుతాయి. "నా పెళ్ళికి రండి" అని పిలవడానికే స్వామి ఊరూరా తిరుగుతున్నాడని ఆ పల్లెల నమ్మకం.

చూడండి ఎంత చమత్కారమో! పెళ్ళిపిలుపుకు పెళ్ళికొడుకే బయలుదేరాడు. ఇటు చెంచులకు అల్లుడు, అటు పల్లెలకు ఇంటిమనిషి. దేవతలకు తప్ప చేరరాని కొండ అని ఆళ్వారు అన్నాడు కదా! మనం ఎక్కలేమని తెలిసి, తానే దిగి వచ్చే ఏర్పాటు స్వామి చేసుకున్నాడని నాకు అనిపిస్తుంది. ఆ కొండ ఊరు ఇన్ని శతాబ్దాలు సజీవంగా ఉండడానికి మనవంటి యాత్రికులు ఎక్కి చూడడమొక్కటే కారణం కాదు. స్వామి దిగినప్పుడు గడపలో నిలిచి ఎదురుచూసే మనుషులుండడం అంతకంటె పెద్ద కారణం.

మూడు రాత్రులు వాకిట నిలిచిన బాలుడు

అతిథి వచ్చినవేళ ఇంటివారు లేకపోతే ఏమవుతుందో కఠోపనిషత్తు చెబుతుంది. వాజశ్రవసుడు యాగంలో పాలుడిగిన ముసలి ఆవులను దానమిస్తుంటే చూడలేక, కుమారుడు నచికేతుడు "నన్నెవరికి ఇస్తావు?" అని తండ్రిని పలుమార్లు అడిగాడు. తండ్రి విసిగి, మృత్యువుకిస్తానన్నాడు. తండ్రిమాట పొల్లుపోకూడదని బాలుడు యముని ఇంటికి వెళ్ళాడు. యముడు ఇంట లేడు. మూడు రాత్రులు అన్నపానీయాలు లేక నచికేతుడు అక్కడే ఉన్నాడు.

తిరిగివచ్చిన యముడు ఏమి చేశాడు? లోకాన్నంతటినీ వణికించే ఆ దేవుడు బాలుని ఎదుట తన లోపాన్ని అంగీకరించాడు. ఆకలితో వాకిట ఉన్న అతిథి ఇంటివాని పుణ్యాన్నంతా హరిస్తాడని ఆయనకు తెలుసు. మూడు రాత్రులకు మూడు వరాలు ఇచ్చి దోషాన్ని తీర్చుకొన్నాడు. మూడవ వరంగా వచ్చిన ఆత్మవిద్యను గురించే మనమందరం మాటాడుకుంటాము. మొదటి వరాన్ని మాత్రం అంతగా తలచుకోము. నచికేతుడు మొట్టమొదట అడిగినది ఇదీ: "నేను ఇంటికి తిరిగి వెళ్ళినప్పుడు మా తండ్రి కోపం మాని, నన్ను గుర్తుపట్టి, ప్రేమతో పలకరించాలి." మృత్యుదేవత ముందు నిలిచిన పసివాడు బ్రహ్మజ్ఞానం కంటె ముందు కోరినది ఇంటికి తిరిగిపోయే దారి.

ఆ రాత్రి సత్రంలో ఈ కథ ఆ దంపతులకు చెప్పాను. "యముడంతటివాడే ఇంటలేకపోయిన దోషాన్ని ఒప్పుకొని సరిదిద్దుకున్నాడు నాయనా. ఆలస్యం కావడం వేరు, రాకపోవడం వేరు" అన్నాను. చెబుతున్నప్పుడు నా పెంకుటిల్లే నా కళ్ళముందు మెదిలింది.

తాళం తీసిన రాత్రి

మరునాడు మధ్యాహ్నానికి ఊరు చేరాము. తాళంచెవి చిన్నాయన వరుస అయ్యే బంధువు దగ్గర ఉన్నది. ఇన్నేళ్ళ తుప్పుకు తాళం కదలలేదు. కిరోసిన్ పోసి, రాయితో నాలుగు దెబ్బలు వేస్తే ఊడింది. లోపల చెదలు, గబ్బిలాల కంపు, ఒకమూల పైకప్పు కుంగి ఆకాశం కనిపిస్తున్నది. ఆ అమ్మాయి చీరకొంగు నడుముకు దోపి చీపురు పట్టింది. అబ్బాయి బావి నుంచి నీళ్ళు చేదాడు. ఎవరూ పిలవకుండానే ఇరుగుపొరుగువారు వచ్చి చేయివేశారు. చీకటి పడేసరికి వసారా, గడప మాత్రం శుభ్రమయ్యాయి. మిగిలిన ఇల్లు అలాగే ఉన్నది.

గడపకు పసుపు పూస్తూ ఆ అమ్మాయి ఒక్కసారి ఆగిపోయింది. గడప పక్కన నేలమీద నల్లని నూనెజిడ్డు, దాని చుట్టూ ఒకదానిమీదొకటి గుండ్రని మచ్చలు. తొమ్మిదేళ్ళ తాళం వేసిన ఇంటి ముందు దీపం పెట్టినదెవరు?

ఎదురింటి అవ్వ. ఎనభై ఏళ్ళుంటాయి. వారి కులమూ కాదు, వారికి చుట్టమూ కాదు. అబ్బాయి వెళ్ళి అడిగితే ఆమె అదేమంత పెద్ద సంగతి అన్నట్లు చూసింది. "మీ తాత ఉన్నన్నాళ్ళూ ఈ వాకిట్లో నాకు ప్రసాదం పెట్టినాడప్పా. స్వామి పల్లకి వచ్చినపుడు ఈ ఇంటి ముందర చీకటి ఉంటే ఎట్ల? మీ ఇంటి పేరు చెప్పి నేనే టెంకాయ కొట్టిస్తాంటి" అన్నది.

అబ్బాయికి నోట మాట రాలేదు. ఒంగి ఆమె పాదాలకు నమస్కరించాడు. నేను వేదం చదివినవాణ్ణి. అతిథిని దైవంగా భావించమని తైత్తిరీయంలో ఆచార్యుడు శిష్యునికి చెప్పే ఉపదేశాన్ని వందలసార్లు స్వరయుక్తంగా వల్లించినవాణ్ణి. ఆ అవ్వకు అక్షరం రాదు. మరొకరింటికి వచ్చిన అతిథిని కూడా తన అతిథిగానే చూసుకొని, ఆ పుణ్యాన్ని తాళం వేసిపోయినవారి పేర రాసిపెట్టింది. నా చదువును ఆమె ఆచరణ పక్కన నిలిపి చూసుకొంటే నాకు సిగ్గు వేసింది.

నడిరాత్రి దాటిన తరువాత మేళం వినిపించింది. దూరాన దివిటీల వెలుగు. ఊరంతా వీధిలోకి వచ్చింది. నిద్రకళ్ళ పిల్లలు తండ్రుల భుజాలమీద ఉన్నారు. పల్లకి వచ్చింది. హారతిపళ్ళెం ఎవరు ఇవ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆ అబ్బాయి తాను పుచ్చుకోలేదు. పళ్ళెం అవ్వ చేతిలో పెట్టి, తానూ భార్యా చెరొకవైపు నిలబడ్డారు. హారతి వెలుగులో నృసింహుని ముఖం చూశాను. తొమ్మిదేళ్ళ లెక్క అడిగే ముఖంగా నాకు కనిపించలేదు.

ఎలా వెళ్ళాలి?

అహోబిలం వెళ్ళదలచిన పాఠకులకు నాలుగు మాటలు. శీతకాలం అనుకూలమైన కాలం. వేసవిలో బండలు కాళ్ళు కాలుస్తాయి. వానల్లో భవనాశిని పొంగితే దారి ప్రమాదకరం. తొమ్మండుగురు స్వాముల దర్శనాన్ని ఒక్కరోజులో ముగించాలని పందెం వేసుకోకండి. కనీసం రెండు రోజులు కేటాయించండి. ఎగువ సన్నిధులకు ఉదయాన్నే బయలుదేరి, వెలుగుండగానే దిగిరండి. తెలిసినవారిని దారి చూపడానికి వెంట తీసుకువెళ్ళండి. అడవిలో అటవీశాఖవారి నిబంధనలు పాటించండి. నీళ్ళ సీసాలు, సంచులు అక్కడ విడిచిపెట్టకండి. కోతులకు తినుబండారాలు చూపకండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు డోలీ ఎక్కడానికి సిగ్గుపడనక్కరలేదు. మోసేవారి శ్రమకు తగిన సొమ్ము బేరమాడకుండా ఇవ్వండి.

చెంచు కుటుంబాలు ఎదురైతే అడగకుండా ఫోటోలు తీయకండి. వారు స్వామికి అత్తింటివారు. పెళ్ళివారింటికి వెళ్ళినవాడు అత్తవారిని వింతగా చూడడు, పలకరిస్తాడు.

మన గుట్టల ఊళ్ళు

ఇప్పుడు మనమున్న చోటికి వద్దాము. కొండాపూర్, మణికొండ, రాయదుర్గం! ఈ పేర్లను మనం మెట్రో స్టేషన్లలో, అద్దె ప్రకటనలలో చదువుతాము. కొండ, దుర్గం అన్న మాటలు వాటిలో ఉన్నాయని గమనించము. ఇవన్నీ గుట్టలనంటి పెట్టుకొన్న పల్లెలే. ఇక్కడి నల్లరాతి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భశాస్త్రజ్ఞులు చెబుతారు. 2020లో తీగల వంతెన కట్టిన దుర్గం చెరువు ఒకనాడు గోలకొండ కోటకు తాగునీరిచ్చింది. ఆ పాత పల్లెలు మేడల సముద్రంలో చిన్న దీవులవలె ఇప్పటికీ అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. ఇరుకు సందు, వేపచెట్టు, బొడ్రాయి, పోచమ్మ గుడి, ఆషాఢంలో బోనమెత్తే ఆడపడుచులు. మీ కార్యాలయం వెనుకే ఉంటుంది, వెదికి చూడండి. అమ్మవారి ఘటం ఊరేగింపు వీధిలో వస్తుంటే వాహనం అడ్డం తగిలిందని హారను మోగించేముందు ఒక్క నిమిషం ఆగండి. అక్కడ కూడా దేవత తన గుడి విడిచి గడపలకే వస్తున్నది. అద్దెకున్నవారి గడప కూడా గడపే.

ఆ దంపతులు ఉద్యోగాలు మానలేదు, ఊరికి మారలేదు. అలా చేయమని నేనూ చెప్పలేదు. కుంగిన పైకప్పు మాత్రం వేయించారు. నిరుటి మాఘంలో వెళ్ళారు. పనివల్ల అబ్బాయి ఒక్కరోజే ఉండగలిగాడు. ఆ అవ్వ అప్పటికి మంచం పట్టింది. పల్లకి వచ్చినవేళ ఆమెను మంచంతో సహా వాకిట్లోకి తెచ్చి, ఆమె ఇంటి గడపన వీరే దీపం పెట్టారట. ఆ సంగతి చెప్పి, ప్రసాదంగా ఇచ్చిన కొబ్బరిచిప్పను నా చేతిలో పెట్టారు.

పాఠక మహాశయులారా! మీకూ ఏదో ఒక ఊరు ఉండే ఉంటుంది. అక్కడ నృసింహుడు కాకపోతే రాములవారు, ఆంజనేయుడు, గంగమ్మ, మల్లన్న ఎవరో ఒకరు ఏడాదికొక్కమారు మీ వీధిలోకి వస్తూనే ఉంటారు. ఆ తిథి ఏదో మీ పెద్దలను అడిగి తెలుసుకోండి. సెలవు పెట్టే జాబితాలో ఆ ఒక్కరోజు ముందు రాసుకోండి. మీరు వెళ్ళలేని ఏడాది, మీ గడపన దీపం పెడుతున్నది ఎవరో ఫోను చేసి కనుక్కొని, వారికొక నమస్కారం చెప్పండి.

నా మాట అడుగుతారేమో! వచ్చే కార్తికమాసంలో మా అబ్బాయికి ఇక్కడి అర్చన అప్పగించి, కృష్ణ ఒడ్డున మా ఇంటి తాళం తీయడానికి వెళుతున్నాను. కిరోసిన్ సీసా ఇప్పుడే సంచిలో పెట్టుకున్నాను.